19 అవే మ్యాచ్‌లు, ఒక్క ఓటమి లేదు – ఇదంతా ఖాళీ స్టేడియాల పుణ్యమేనా?

గోదారి_రెడ్ (రాజమండ్రి)
23 మే 2021, రాత్రి 10:52

వుల్వ్స్ మీద మన మాంచెస్టర్ యునైటెడ్ 2-1. సీజన్ అయిపోయింది. బుధవారం గ్డాన్స్క్‌లో యూరోపా ఫైనల్ ఉందని పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టి కుర్రాళ్ళని దింపారు. అయినా వాళ్ళ మైదానం మోలినోలో గెలిచొచ్చారు. మొదటి గోల్ ఎలాంగా హెడర్, రెండోది మాటా పెనాల్టీ.

లీగ్‌లో బయట, అంటే ఎదుటి జట్ల మైదానాల్లో (అవే), ఆడినవి 19. గెలుపులు 12, డ్రాలు 7, ఓటమి సున్నా. ఇంగ్లండ్ టాప్ డివిజన్‌లో సీజన్ మొత్తం బయట ఓడకుండా ఉన్నది ఇంతకుముందు మూడుసార్లే. 1888-89లో ప్రెస్టన్, ఆ తర్వాత 2001-02లో, 2003-04లో ఆర్సెనల్. ప్రెస్టన్ వాళ్ళకి అప్పట్లో బయట మ్యాచ్‌లు 11 మాత్రమే.

నాకు మాత్రం 2019 గుర్తొస్తోంది. మార్చి 6న పారిస్‌లో పీఎస్‌జీని ఓడించి ఆ అద్భుతం చేసొచ్చాక, మళ్ళీ బయట ఒక్క గెలుపు చూడ్డానికి అక్టోబర్ 24 దాకా పడిగాపులు కాశాం. బెల్‌గ్రేడ్‌లో పార్టిజాన్ మీద మార్షియాల్ పెనాల్టీతో 1-0. ఆ రెంటికీ మధ్య అన్ని పోటీలూ కలిపి 11 అవే మ్యాచ్‌లు, ఒక్కటీ గెలవలేదు. గుడిసన్‌లో ఎవర్టన్ చేతిలో 4-0 తిన్న సాయంత్రం నేను టీవీ కట్టేసి గోదారి గట్టు మీదకెళ్ళి చీకటి పడేదాకా కూర్చున్నాను. అదే జట్టు ఇప్పుడు ఇలా ఉంది. ఏం మారిందో మాట్లాడుకుందాం.

బెజవాడ_బ్రూనో
23 మే 2021, రాత్రి 11:04

అన్నా, మారింది ఏంటో నా పేరులోనే ఉంది. లీగ్‌లో బయట చివరిసారి ఓడింది లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, 2020 జనవరి 19న. ఆ నెలాఖరుకి బ్రూనో ఫెర్నాండెస్ వచ్చాడు. అతను మన చొక్కాతో ఆడిన మొదటి అవే మ్యాచ్ ఫిబ్రవరి 17, స్టాంఫర్డ్ బ్రిడ్జ్, చెల్సీ మీద 2-0. బయట ఓడకుండా సాగుతున్న ఈ పరుగు మొదలైన రోజు సరిగ్గా అదే. రెండో గోల్ మగ్వైర్ తలతో కొట్టింది, కార్నర్ తీసింది బ్రూనోనే. అప్పట్నుంచి ఈ రాత్రికి 26 మ్యాచ్‌లు.

గన్నర్_గుంటూరు
23 మే 2021, రాత్రి 11:31

ముందు అభినందనలు. మనస్ఫూర్తిగానే అంటున్నాను. 19 మ్యాచ్‌లు ఓడకుండా ఉండటం ఎంత కష్టమో మా ఆర్సెనల్ వాళ్ళకి బాగా తెలుసు.

కానీ ఒక మాట చెప్పక తప్పదు. ఈ సీజన్ ప్రీమియర్ లీగ్‌లో హోమ్ జట్లు గెలిచినవి 144, అవే జట్లు గెలిచినవి 153. ఇంగ్లండ్ టాప్ డివిజన్‌లో బయట గెలుపులు ఇంటి గెలుపుల్ని దాటడం ఇదే మొదటిసారి. స్టేడియాల్లో జనం లేరు. రిఫరీ మీద అరిచేవాళ్ళు లేరు, కార్నర్ దగ్గర నిలబడితే చెవిలో తిట్టేవాళ్ళు లేరు. 2003-04లో మా వాళ్ళు నిండు స్టేడియాల్లో, ఆ గోలలో నిలబడి ఆడారు. రెంటినీ ఒకే త్రాసులో వేయకండి.

గోదారి_రెడ్
23 మే 2021, రాత్రి 11:48

గన్నర్ గారూ, మీ మాటలో నిజం ఉంది, కాదనను. అయితే జనం లేకపోవడం 20 జట్లకీ ఒకటే కదా. మిగతా 19 జట్లూ ఏదో ఒకరోజు బయట ఓడిపోయే వచ్చాయి, ఛాంపియన్ మాంచెస్టర్ సిటీతో సహా. పైగా ఈ పరుగులో మొదటి రెండు మ్యాచ్‌లు, చెల్సీదీ ఎవర్టన్‌దీ, లాక్‌డౌన్‌కి ముందువి. నిండు స్టేడియాల్లో ఆడినవే.

గన్నర్_గుంటూరు
23 మే 2021, రాత్రి 11:55

26లో రెండు. అందులో ఎవర్టన్ మ్యాచ్‌లో ఆఖర్న వాళ్ళ గోల్‌ని వీఏఆర్ (వీడియో రిఫరీ) కొట్టేసింది. సరే, వాదన కోసం వాదించను. ఆగస్టులో జనం తిరిగొస్తారు కదా, అప్పుడు చూద్దాం.

ఓరుగల్లు_యునైటెడ్
24 మే 2021, ఉదయం 7:20

జనం ఉన్నరా లేరా ముచ్చట పక్కకు పెట్టండి అన్నా. సౌతాంప్టన్ మ్యాచ్ యాదికుందా? పోయిన నవంబర్ 29, ఆదివారం రాత్రి. హాఫ్ టైమ్‌కు 2-0. బెడ్నరెక్ ఒకటి కొట్టిండు, వార్డ్-ప్రౌజ్ ఫ్రీ కిక్ ఒకటి. ఆ ఫ్రీ కిక్ ఆపబోయి మన గోలీ డీ హియా పోయి పోస్టుకు గుద్దుకున్నడు, మోకాలు పట్టుకొని కూసున్నడు. మా తమ్ముడు "ఇగ అయిపాయె" అని లేచి అన్నానికి పోయిండు.

సెకండాఫ్‌ల హెండర్సన్ వచ్చిండు, కవానీ వచ్చిండు. 33 ఏండ్ల మనిషి. వచ్చుడు వచ్చుడే కుడిపక్క నుంచి బాల్ లోపలికి పంపితే బ్రూనో కొట్టిండు. తర్వాత బ్రూనో షాట్ ఒకటి డిఫెండర్‌కు తగిలి దారి మళ్లితే, కవానీ కిందికి వంగి తలకాయ పెట్టిండు. 2-2. ఆఖరుకు 92వ నిమిషంల రాష్‌ఫర్డ్ క్రాస్, మల్ల కవానీ తలకాయనే. నేను ఒర్రిన ఒర్రుడుకు తమ్ముడు కంచం చేతుల పట్టుకొనే ఉరికొచ్చిండు. ఇది స్టేడియం ఖాళీగ ఉన్నదని అయిన పని కాదు. గుండె ఉండాలె.

లెక్కలమాస్టారు
24 మే 2021, ఉదయం 9:15

ఓరుగల్లు గారు చెప్పింది ఒక్క మ్యాచ్ కథ కాదు. జాబితా వేశాను. బయట గెలిచిన 12లో 9 మ్యాచ్‌లు మొదట గోల్ తిని గెలిచినవే. బ్రైటన్, న్యూకాసిల్, ఎవర్టన్, సౌతాంప్టన్, వెస్ట్‌హామ్, షెఫీల్డ్ యునైటెడ్, ఫుల్‌హామ్, టోటెన్‌హామ్, విల్లా. వీటిలో మొదటి ఆరూ సీజన్‌లో వరసగా మన మొదటి ఆరు అవే మ్యాచ్‌లు. ఆరింటికి ఆరూ వెనకబడి గెలిచాం. ముందు గోల్ తినకుండా గెలిచినవి బర్న్లీ, సిటీ, వుల్వ్స్. అంతే.

దీన్ని గుండె ధైర్యం అనొచ్చు, మొదటి అరగంట మగతలో ఆడటం అని కూడా అనొచ్చు. నా దృష్టిలో రెండూ నిజమే.

ఇంకో లెక్క. ఇంట్లో 9 గెలుపులు, 4 డ్రాలు, 6 ఓటములు. పాయింట్లు 31. బయట 43. ఇంట్లో మనమూ బయటంత బాగా ఆడి ఉంటే 86 అయ్యేవి. సిటీ కప్పు గెలిచింది సరిగ్గా 86తో.

బెజవాడ_బ్రూనో
24 మే 2021, ఉదయం 9:40

మాస్టారూ, ఆ 86 చూశాక టిఫిన్ దిగలేదండి.

విశాఖ_వింగర్
24 మే 2021, మధ్యాహ్నం 1:05

కాలేజీ రోజుల్లో నేను ఎడమ వింగ్‌లో ఆడేవాణ్ణి. అక్కడ ఆడిన ఎవరికైనా ఒక సంగతి ఒంటికి తెలుస్తుంది. ఎదురుగా ఉన్న రైట్ బ్యాక్ నాలుగడుగులు ముందుకొచ్చి, వెనక ఖాళీ వదిలాడంటే ఆ రోజు మనది. అతను కదలకుండా తన బాక్స్ ముందే కూర్చుంటే, మనకెంత వేగం ఉన్నా పనికిరాదు.

యునైటెడ్ కథ అంతా ఇక్కడే ఉంది. బయటికెళ్ళినప్పుడు ఎదుటి జట్టు సొంత గ్రౌండ్ కదా అని ముందుకొస్తుంది. వెనక జాగా దొరుకుతుంది. బ్రూనో ఒక్క పాస్ వేస్తే రాష్‌ఫర్డ్, మార్షియాల్ పరుగు. మార్చి 7న సిటీ మీద రెండో గోల్ మళ్ళీ చూడండి. వరసగా 21 మ్యాచ్‌లు గెలిచి కూర్చున్న జట్టది. హెండర్సన్ బంతి అందుకున్నాడు. చాలామంది గోలీలు అక్కడ బంతిని కౌగిలించుకుని కింద పడి ఊపిరి తీసుకుంటారు. ఇతను తలెత్తి చూసి, చేత్తో ఎడమవైపు షాకి విసిరాడు. షా క్యాన్సెలోని దాటాడు, ఎదురుగా సగం గ్రౌండ్ ఖాళీ. రాష్‌ఫర్డ్‌కి ఇచ్చాడు, తిరిగి తీసుకున్నాడు, కింద మూలకి కొట్టాడు. గోల్ కొట్టింది లెఫ్ట్ బ్యాక్, మొదలెట్టింది గోలీ. కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోయింది.

అదే మన సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జనవరి 27న, పట్టికలో అట్టడుగున ఉన్న షెఫీల్డ్ యునైటెడ్ వచ్చి బాక్స్ ముందు గోడ కట్టింది. ఆ గోడ పగలగొట్టే విద్య మన దగ్గర లేదు. 2-1తో ఓడిపోయాం.

లెక్కలమాస్టారు
24 మే 2021, మధ్యాహ్నం 2:30

వింగర్ గారూ, నేనూ మొన్నటిదాకా ఇదే అనుకున్నాను. అంకెలు వేశాక కొంచెం ఆగాను.

ఇంట్లో కొట్టిన గోల్స్ 38, బయట 35. దాదాపు సమానం. తిన్నవి చూడండి. ఇంట్లో 28, బయట 16. అంటే ఇంట్లో గోడ పగలగొట్టలేకపోవడం సగం జబ్బే. మిగతా సగం మన తలుపు మనమే తీసిపెట్టడం.

విశాఖ_వింగర్
24 మే 2021, మధ్యాహ్నం 3:10

మాస్టారూ, ఆ 38లో సౌతాంప్టన్ మీద 9, లీడ్స్ మీద 6 ఉన్నాయి. ఆ రెండూ తీసేస్తే మిగతా 17 హోమ్ మ్యాచ్‌లకి 23 గోల్సే. కాబట్టి గోడ సమస్య నిజంగానే ఉంది.

తిన్నవాటి విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఆ రెండు జబ్బులకీ మూలం ఒకటే. ఇంట్లో గోడ పగలగొట్టాలని ఫుల్‌బ్యాక్‌లిద్దర్నీ పైకి పంపేశాం. మగ్వైర్, లిండెలోఫ్ వెనక మైదానమంత జాగా. బంతి పోయిందంటే అవతలి వింగర్ పరుగు. మనం బయటికెళ్ళి వాళ్ళకి చేసేదే, వాళ్ళు మన ఇంటికొచ్చి మనకి చేశారు.

గోదారి_రెడ్
24 మే 2021, మధ్యాహ్నం 3:22

ఈ ఒక్క వాక్యం కోసమే ఈ చర్చ మొదలుపెట్టినట్టుంది వింగర్ గారూ. అక్టోబర్ 4న టోటెన్‌హామ్ వచ్చి 6-1 కొట్టిన రోజు జరిగింది అచ్చం ఇదే. మార్షియాల్ రెడ్ కార్డు తర్వాత మరీ ఘోరం.

చిత్రం ఏంటంటే ఆ దెబ్బ తిన్నాక లీగ్‌లో మొదటి మ్యాచ్ బయటే పడింది, న్యూకాసిల్‌లో. రెండో నిమిషంలోనే షా కాలికి తగిలి మన గోల్‌లోకే. మధ్యలో బ్రూనో పెనాల్టీని డార్లో ఆపేశాడు. అలాంటి రోజున 86వ నిమిషందాకా 1-1గా ఉన్న మ్యాచ్‌ని 4-1తో గెలిచారు. పెనాల్టీ పోగొట్టుకున్న బ్రూనోనే 86లో కొట్టాడు. కోచ్ ఓలే ఉద్యోగం ఆ రాత్రి నిలబడిందని నా నమ్మకం.

బెజవాడ_బ్రూనో
24 మే 2021, సాయంత్రం 6:48

సొంత విషయం ఒకటి చెప్తాను, ఏమనుకోకండి. ఈ నెల 9న విల్లా మ్యాచ్ రోజు నాన్నకి కోవిడ్ వచ్చి అయిదో రోజు. హాస్పిటల్లో బెడ్ దొరకక ఇంట్లోనే ఉంచాం. గంటకోసారి వేలికి ఆక్సీమీటర్ పెట్టి కాగితం మీద రాస్తున్నాను. 93, 92, 93. గది బయట గడప మీద కూర్చుని ఫోన్‌లో సౌండ్ తీసేసి మ్యాచ్ పెట్టుకున్నాను. ట్రవోరే కొట్టాడు, 1-0 వెనకబడ్డాం. నాకెందుకో భయమెయ్యలేదు. ఈ ఏడాది బయట ఎన్నిసార్లు చూడలేదు ఇలా అనిపించింది. సెకండాఫ్‌లో మూడు కొట్టారు. ఆఖరిది కవానీ హెడర్. అప్పుడే లోపల్నుంచి నాన్న పిలిచి "ఎంత?" అన్నారు. రీడింగ్ అడుగుతున్నారేమో అనుకుని 94 అన్నాను. "అది కాదురా, స్కోరు" అన్నారు.

నాన్న ఇప్పుడు బాగున్నారు. నిన్న వుల్వ్స్ మ్యాచ్ పక్కనే కూర్చుని చూశారు.

ఓరుగల్లు_యునైటెడ్
24 మే 2021, సాయంత్రం 6:55

తమ్మీ, నాయిన సల్లంగుండాలె. గది కిటికీలు తెరిచి పెట్టు, మందులు ఆపకు. ఏదన్న అవసరం పడితే మెసేజ్ పెట్టు, బెజవాడల మా బావ ఉన్నడు.

గోదారి_రెడ్
24 మే 2021, సాయంత్రం 7:02

నాన్నగారికి నమస్కారాలు చెప్పమ్మా. బుధవారం రాత్రి ఆయన్ని మేలుకోనివ్వకు, స్కోరు పొద్దున్న చెప్పొచ్చు.

సాల్ఫర్డ్‌లో_తెలుగోడు
24 మే 2021, రాత్రి 11:20

అందరికీ నమస్తే. నేనుండేది ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియానికి నడక దూరం. ఈ ఏడాదంతా మ్యాచ్ రోజుల్లో ఆ వీధిలో వినిపించింది ట్రామ్ గంట ఒక్కటే. మామూలు రోజుల్లో అయితే అవే మ్యాచ్ ఉన్న శనివారం తెల్లారకముందే బస్సులు కదిలేవి. ప్రీమియర్ లీగ్‌లో అవే ఫ్యాన్స్‌కి టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదు. అయినా మన క్లబ్‌కి ఆ టికెట్ దొరకడం ఎంత కష్టమో ఇక్కడివాళ్ళకి తెలుసు. ఏళ్ళ తరబడి ప్రతి ఊరూ తిరిగిన మనుషులు వాళ్ళు. ఈ 19 మ్యాచ్‌ల్లో ఒక్కటీ వాళ్ళ కళ్ళతో చూడలేకపోయారు. జట్టు బయట ఇంత బాగా ఆడిన సంవత్సరమే అవే ఎండ్ (బయటి జట్టు అభిమానులు కూర్చునే వైపు) ఖాళీగా ఉండటం నన్ను చాలా బాధపెడుతోంది. గన్నర్ గారు హోమ్ జనం లేరన్నారు, నిజమే. మన జనమూ లేరు. అది ఎవరూ లెక్కలో వేయట్లేదు.

18న ఫుల్‌హామ్ మ్యాచ్‌కి 10,000 మందిని రానిచ్చారు. లాటరీలో నాకూ టికెట్ వచ్చింది. కవానీ 40 గజాల నుంచి గోలీ తల మీదుగా లేపినప్పుడు పక్కనున్న ముసలాయన నా భుజం పట్టుకుని వదల్లేదు. మాస్క్ లోపల ఏడుస్తున్నాడు. మ్యాచ్ 1-1. ఇంట్లో మళ్ళీ గెలవలేదు.

గన్నర్_గుంటూరు
25 మే 2021, ఉదయం 8:10

సాల్ఫర్డ్ గారూ, మీ మాట ఒప్పుకుంటున్నాను. మీ జనం లేకపోవడం నేను ఆలోచించలేదు.

అయితే ఇంకో ప్రశ్న. ఈ బయట బలం లీగ్‌కే ఎందుకు ఆగింది? ఇస్తాంబుల్‌లో 2-1తో ఓడారు. లైప్‌జిగ్‌లో 3-2తో ఓడి ఛాంపియన్స్ లీగ్ నుంచే బయటపడ్డారు. అవీ ఖాళీ స్టేడియాలే.

విశాఖ_వింగర్
25 మే 2021, ఉదయం 8:45

సూటి ప్రశ్న. ఇస్తాంబుల్‌లో మన కార్నర్‌కి అందరూ పైకెళ్ళిపోతే డెంబా బా సగం గ్రౌండ్ ఒంటరిగా పరిగెత్తాడు. అది మన తప్పు, వేరే సాకు లేదు. లైప్‌జిగ్‌లో డ్రా చాలు అనుకుని దిగాం, 13 నిమిషాలకే రెండు తిన్నాం. ఈ జట్టుకి కాచుకుని డ్రా తెచ్చుకోవడం రాదు, పరిగెత్తడమే వచ్చు. పెద్ద జట్ల మీద మాత్రం మధ్యలో ఫ్రెడ్‌ని, మెక్‌టామినేని పెట్టి ఆన్‌ఫీల్డ్, ఎమిరేట్స్, స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో 0-0లు తెచ్చారు. అవి చూడ్డానికి బాగోలేదు. పరుగు నిలిచిందంటే వాటి వల్ల కూడా.

లెక్కలమాస్టారు
25 మే 2021, ఉదయం 9:30

ఒక సవరణ కూడా చేర్చాలి. ఇంటి ఓటములు ఆరులో రెండు ఈ నెల్లో రెండు రోజుల తేడాలో వచ్చాయి. 9న విల్లా, 11న లెస్టర్, 13న లివర్‌పూల్. అయిదు రోజుల్లో మూడు మ్యాచ్‌లు. లెస్టర్ మీద పదిమందిని మార్చి దింపారు. 2వ తేదీన నిరసనల వల్ల లివర్‌పూల్ మ్యాచ్ వాయిదా పడకపోతే ఈ ఇరుకు వచ్చేది కాదు. నిరసన తప్పని నేననను. సూపర్ లీగ్ అనే విడి పోటీ పేరుతో యజమానులు చేసింది చూశాక ఎవరైనా రోడ్డెక్కుతారు.

గోదారి_రెడ్
27 మే 2021, తెల్లవారుజాము 3:40

11-10. పెనాల్టీల్లో. ఫైనల్ పోయింది. తప్పిన ఆ చివరిది డీ హియాది.

రేపు మాట్లాడతాను.

బెజవాడ_బ్రూనో
29 ఆగస్టు 2021, రాత్రి 11:12

అన్నలూ, ఎవరైనా మేలుకున్నారా? మళ్ళీ వుల్వ్స్, మళ్ళీ మోలినో, 1-0. బయట ఓడకుండా 28. పాత రికార్డు 27, గన్నర్ గారి క్లబ్‌దే. ఈసారి మోలినో నిండుగా ఉంది. డీ హియా రెండు సెకన్లలో సయ్యిస్‌ని రెండుసార్లు ఆపాడు చూశారా? నాన్న కుర్చీలోంచి లేచారు!

గన్నర్_గుంటూరు
29 ఆగస్టు 2021, రాత్రి 11:40

చూశాను. మా వాళ్ళ రికార్డు 2003 ఏప్రిల్ నుంచి 2004 సెప్టెంబర్ దాకా కట్టింది. ఇన్నేళ్ళు నిలిచింది. ఈ రాత్రి జనం మధ్యలో గెలిచారు, కాబట్టి మేలో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

సాల్ఫర్డ్‌లో_తెలుగోడు
19 సెప్టెంబర్ 2021, రాత్రి 9:05

లండన్‌లో వెస్ట్‌హామ్ మీద 2-1. 89లో లింగార్డ్. పోయిన సీజన్ రెండో సగం వాళ్ళకే ఆడొచ్చిన మనిషి, గోల్ కొట్టి చేతులెత్తి క్షమించమన్నాడు. ఆఖరి నిమిషంలో పెనాల్టీ ఇస్తే, అది కొట్టడానికే మార్క్ నోబుల్‌ని బెంచ్ మీంచి దింపారు. డీ హియా ఎడమకి పడి ఆపాడు. గ్డాన్స్క్‌లో 11 పెనాల్టీల్లో ఒక్కటీ ఆపలేకపోయిన చేతులు అవే.

నేను ఇంట్లో రేడియో పెట్టుకుని విన్నాను. ఆ క్షణం వినిపించింది అవే ఎండ్ ఒక్కటే. 18 నెలల తర్వాత మళ్ళీ వాళ్ళ పాట విన్నాను. ఇది 29.

లెక్కలమాస్టారు
16 అక్టోబర్ 2021, రాత్రి 9:58

లెస్టర్ 4, యునైటెడ్ 2. ఆగిపోయింది.

82లో రాష్‌ఫర్డ్ 2-2 చేశాడు. సెంటర్ కిక్ తీసిన నిమిషానికే వార్డీ. 29 మ్యాచ్‌లు, 2020 ఫిబ్రవరి 17 నుంచి.

విశాఖ_వింగర్
16 అక్టోబర్ 2021, రాత్రి 10:20

మొదటి గోల్ మనదే. ఆ తర్వాత మగ్వైర్ కాళ్ళ దగ్గర ఇహెనాచో బంతి లాక్కున్నాడు, టీలెమన్స్ దూరం నుంచి లేపాడు. మగ్వైర్ గాయం నుంచి సరిగ్గా కోలుకోకుండానే దిగినట్టు కనిపించాడు. వరాన్ లేడు. ముందువరుస బంతి పోగానే వెనక్కి పరిగెత్తట్లేదు. పోయిన ఏడాది బయట మనకున్న బలం ఆ పరుగే. ఇంట్లో ఉన్న జబ్బు ఇప్పుడు బయటికీ పాకింది, అది నాకు భయంగా ఉంది.

ఓరుగల్లు_యునైటెడ్
16 అక్టోబర్ 2021, రాత్రి 10:41

20 నెలలు బయట ఓడుడంటే ఏందో మర్చిపోయినం. తమ్ముడు ఇయ్యాల అన్నం తినలే.

గోదారి_రెడ్
17 అక్టోబర్ 2021, ఉదయం 6:30

పొద్దున్నే లేచి మేలో రాసినవన్నీ మళ్ళీ చదివాను. 29 మ్యాచ్‌ల తేదీలు, స్కోర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను, చెల్సీ 2-0 నుంచి వెస్ట్‌హామ్ 2-1 దాకా. మూడు పేజీలు వచ్చింది. దాచుకుంటాను.

24న ఇంట్లో లివర్‌పూల్. ఆ మ్యాచ్ తలుచుకుంటే వింగర్ గారు చెప్పిన జాగానే కళ్ళ ముందు కనిపిస్తోంది. ఆ తర్వాత 30న బయట, టోటెన్‌హామ్‌తో. రాత్రి 10 గంటలకి.

గన్నర్_గుంటూరు
17 అక్టోబర్ 2021, ఉదయం 7:15

టోటెన్‌హామ్ మీదా? ఆ ఒక్క రాత్రికి నేనూ మీవైపే.